జోసీ ముందు ఎడమ కాలు

1982 అక్టోబరు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో కొండల కింద ఒక చిన్న ఊళ్ళో పశువైద్యుడిగా చేరి అప్పటికి రెండో ఏడు. గుంటూరు జిల్లాలో గేదెలకీ ఒంగోలు ఎడ్లకీ వైద్యం చేస్తూ పని నేర్చుకున్నవాణ్ణి. గుర్రాల దగ్గర నా చెయ్యి ఇంకా తిరగలేదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ వేసవిలో ఒక రైతు గుర్రం కుంటుతుంటే కీలు దెబ్బతిందని చెప్పి రెండు వారాలు కట్టేయించాను. తీరా చూస్తే గిట్టలో రాయి ఇరుక్కుంది. కాఫీ హోటల్లో నెల రోజులు ఆ రాయి మీదే జోకులు. ఆ తర్వాత క్లినిక్‌కి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ నా గొంతు వినగానే, "పెద్ద డాక్టర్ లేరా?" అనేవాళ్ళు.

అలా అడగని మనిషి వాల్ట్ ఒక్కడే. అరవై నాలుగేళ్ళ పెద్దాయన, ఒంటరివాడు, వృత్తిరీత్యా ప్యాకర్. అంటే బండ్లు వెళ్ళలేని కొండల్లోకి జంతువుల మీద సామాను చేరవేసేవాడు. ఆ ప్రాంతంలో అక్టోబరు వచ్చిందంటే ఎల్క్ వేట మొదలవుతుంది. ఎల్క్ మన కణుజు లాంటిదే గానీ ఇంకా పెద్దది, బాగా బలిసిన మగది మన ఎద్దంత ఉంటుంది. దాన్ని కొట్టటం కన్నా ఆ మాంసాన్ని నిట్టనిలువు కొండల మీంచి కిందికి దింపటమే అసలు కష్టం. నాలుగు క్వార్టర్లుగా, అంటే కాలికొక ముక్కగా కోసి, మ్యూల్స్ మీద అటొకటి ఇటొకటి కట్టి దింపుతారు. మ్యూల్ అంటే కంచరగాడిద. రెండు వైపులా బరువు సమానంగా లేకపోతే జీను పక్కకి తిరిగిపోయి జంతువు పడిపోతుంది. నలభై ఏళ్ళలో తను కట్టిన బరువు ఒక్కటి కూడా తిరగలేదని వాల్ట్ చెప్పేవాడు. అది గొప్ప కాదు, నిజమే.

కొండెక్కే ముందు జంతువులన్నిటికీ కాళ్ళు చూసి పంపటం మా క్లినిక్ పని. ఆ ఏడు వాల్ట్ నన్నే పిలిచాడు. మూడు గుర్రాలు, రెండు మ్యూల్స్. నాలుగింటికీ ఏ లోపమూ లేదు. ఐదోది జోసీ, వాల్ట్ ముద్దుగా పెంచుకున్న ఆడ మ్యూల్. దాని ముందు ఎడమ కాలు పట్టుకోగానే గిట్ట కొంచెం వేడిగా తగిలింది. గిట్ట పైన వెనకవైపు నాడి గట్టిగా కొట్టుకుంటోంది. హూఫ్ టెస్టర్ అని పెద్ద పట్టకారు లాంటి పనిముట్టు ఒకటుంటుంది. దానితో గిట్ట అంచున నొక్కితే నొప్పి ఉన్నచోట జంతువు కాలు లాక్కుంటుంది. జోసీ లాక్కుంది. ఎక్కువగా కాదు, కానీ లాక్కుంది. లోపల చీము పడుతోందో, దెబ్బ తగిలిందో, ఏదైనా పది రోజులు విశ్రాంతి ఇచ్చి తీరాలి.

నేను నోరు తెరిచేలోపే వాల్ట్ అన్నాడు. "డాక్, ఈసారి నువ్వూ మాతో వస్తున్నావు. మూడో గుర్రం నీకే. డెన్నిస్‌కి కూడా చెప్పేశాను. నీ పని తెలియనివాళ్ళే ఊళ్ళో వాగుతుంటారు. మాతో ఒకసారి కొండెక్కి రా, అందరి నోళ్ళూ మూతపడతాయి." డెన్నిస్ ఊళ్ళో హార్డ్‌వేర్ షాపు నడిపేవాడు. ఆ వేట లైసెన్సు అతనిది.

తర్వాత జోసీ మెడ మీద చెయ్యి వేసి అడిగాడు. "ఇది బాగానే ఉందిగా?"

జోసీ ఆగిపోతే మూడో గుర్రం మీద మాంసం వెయ్యాలి, అప్పుడు నాకు చోటుండదు. ఈ లెక్క నా బుర్రలో క్షణంలో తయారైంది. దానికి తోడు మొహమాటం. ఊరంతా నన్ను వద్దనుకున్నప్పుడు రమ్మన్న పెద్దాయన, అంత ఆప్యాయంగా పిలుస్తుంటే ముఖం మీద కాదని ఎలా చెప్పటం? పైగా మళ్ళీ పొరపాటు పడ్డానేమోనన్న భయం. మొహమాటం అంటే మంచితనంలో ఒక రకం అని మా ఇంట్లో అనుకుంటూ పెరిగాను. ఆ రోజు అది ఉత్త పిరికితనం.

"బాగానే ఉంది" అన్నాను.

అంతటితో ఆగినా కొంత నయం. బయల్దేరే రోజు పొద్దున వాల్ట్ అటు తిరిగి ఉండగా జోసీ నోట్లో బ్యూట్ వేశాను. బ్యూట్ అంటే గుర్రాలకిచ్చే నొప్పి మందు. నొప్పిని అణుస్తుంది గానీ జబ్బుని తగ్గించదు. వాల్ట్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఏంటది డాక్?"

"నట్టల మందు" అన్నాను.

ఆ మందు వెయ్యకపోతే జోసీ మొదటి మైలులోనే కుంటేది, వాల్ట్ కనిపెట్టేవాడు, దాన్ని ఇంటికి పంపేసేవాడు. మర్నాడు పొద్దునా వేశాను. మూడో రోజు పొద్దునా వేశాను.

రెండో రోజు డెన్నిస్ మంచి మగ ఎల్క్‌ని కొట్టాడు. ముగ్గురం కలిసి తోలు తీసి, క్వార్టర్లు కోసి, నూలు సంచుల్లో పెట్టి చల్లారటానికి చెట్లకి వేలాడదీశాం. నా కత్తి పనితనం చూసి డెన్నిస్, "ఏయ్, డాక్‌కి ఇది బాగానే వచ్చు!" అని భుజం తట్టాడు. సిగ్గు లేకుండా పొంగిపోయాను.

మూడో రోజు మాంసం ఎత్తేటప్పుడు వాల్ట్ తన స్ప్రింగ్ త్రాసు ఇంటి దగ్గరే మర్చిపోయినట్టు చూసుకున్నాడు. "నా చేతులే త్రాసు" అని నవ్వి, ఒక్కో క్వార్టర్‌ని ఎత్తి చూసి జతలు కుదిర్చాడు. బరువైన వెనక తొడలు రెండూ జోసీకి, తేలికైనవి రెండో మ్యూల్‌కి. దిగుడులో బరువంతా ముందు కాళ్ళ మీదే పడుతుందని నాకు తెలుసు.

"జోసీకి తేలికవి వేద్దామా?" అన్నాను.

"ఎందుకు? ఏమైనా ఉందా?"

"ఏం లేదు. ఊరికే అన్నా."

కొండవాలు మీద దారి పాములా మెలికలు తిరుగుతుంది. నాలుగో మలుపు దగ్గర, పలక రాళ్ళు పరుచుకున్నచోట, జోసీ ఎడమ కాలు మోపి చటుక్కున ఎత్తేసింది. రెండోసారి మోపలేదు. ముందుకి తూలింది, జీను తిరిగింది, బరువుతో సహా అంచు దాటి దొర్లుకుంటూ కింది బండల దాకా వెళ్ళింది. నేను దిగి చూసేసరికి ముందు కాళ్ళు రెండూ విరిగి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉంది. నొప్పి లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ నా సంచిలో లేదు.

"జరుగు డాక్, నేను చూసుకుంటాను" అన్నాడు వాల్ట్. దాని నుదురు నిమిరి, చెవిలో ఏదో చెప్పి, తుపాకీ పేల్చాడు.

తినదగిన మాంసాన్ని కొండ మీద వదిలేస్తే అక్కడ చట్టం ఒప్పుకోదు. చట్టం కన్నా వాళ్ళ కట్టుబాటు ఇంకా గట్టిది. ఆ బండల మీదే తొడల్లోంచి ఎముకలు తీసేసి, మాంసాన్ని గుడ్డలో చుట్టి, తాళ్ళతో వీపులకి కట్టుకుని పైకి మోశాం. చేతులతో రాళ్ళు పట్టుకుంటూ రెండుసార్లు ఎక్కిదిగాను. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఇంకా బరువుంటే బాగుండుననిపించింది.

పైకొచ్చాక వాల్ట్ తెగిన తాళ్ళని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎడమ వైపు బరువు ఎక్కువయ్యుంటుంది. త్రాసు తెచ్చుకోవాల్సింది" అన్నాడు.

"కాలు జారింది వాల్ట్, అంతే" అన్నాడు డెన్నిస్.

"జోసీ కాలు ఊరికే జారదు. డాక్ చూశాడు, బాగుందన్నాడు. ఇంక తప్పెవరిది? నాదే. చేతులు ముసలివైపోయాయి."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం వాల్ట్ మాంసం పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "నువ్వు మోశావు, ఇది నీ వాటా" అన్నాడు. నా భార్య సుగుణ కారంగా వేపుడు చేసి, ఆయన్ని భోజనానికి ఉండమంది. తినే ముందు ప్రార్థన చెయ్యటం మా అలవాటు. ఆ మాంసం ముందు కళ్ళు మూసుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. వాల్ట్ జోసీ కథంతా సుగుణకి చెప్పాడు, తప్పు తనదేనని రెండుసార్లు అన్నాడు. నేను ఆయన గ్లాసులో మంచినీళ్ళు పోశాను.

ఆయన వెళ్ళాక సుగుణ అడిగింది. "ఏవండీ, పాపం ఆ పెద్దాయన అంతలా కుమిలిపోతుంటే మీరు ఒక్క మాటన్నా అనలేదేంటండీ?"

"ఏమనాలి?" అన్నాను విసుగ్గా. ఆ విసుగు ఆమె మీద కాదు.

వసంతం వచ్చేసరికి వాల్ట్ రెండో మ్యూల్‌నీ, గుర్రాలనీ, జీన్లనీ అమ్మేశాడు. ఈలోగా కొండెక్కి వచ్చినవాడినని ఊళ్ళో నాకు విలువ పెరిగింది. పెద్ద డాక్టర్ కోసం అడగటం మానేశారు. నేను కోరుకున్నది నాకు దక్కింది.

1985లో ఒక రోజు డెన్నిస్ తన కుక్కని చూపించటానికి వచ్చి మాటల్లో చెప్పాడు. కొత్త ప్యాకర్లకి పని నేర్పమని వాల్ట్‌ని అడిగారట. "జోసీని చంపినవాణ్ణి, నేనేం నేర్పుతాను?" అన్నాడట. ఆ మధ్యాహ్నం క్లినిక్ వదిలేసి వాల్ట్ ఇంటికి వెళ్ళాను.

ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. వేడి గిట్ట, పట్టకారు, మూడు రోజుల మందు, నట్టల మందన్న అబద్ధం. చివరికి ఆయన అడిగాడు.

"ఏ కాలు?"

"ముందు ఎడమది."

తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. "ఇంట్లోనే వదిలేసేవాణ్ణి కదా డాక్. గడ్డి మేస్తూ ఉండేది" అన్నాడు. చేతుల మీంచి కళ్ళు తియ్యకుండానే, "మూడేళ్ళు" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గట్టిగా వెయ్యలేదు, మామూలుగానే వేశాడు.

క్షమించాడో లేదో నాకు తెలియదు. ఆ ఏడు శరదృతువులో ఆయన కొత్త ప్యాకర్లకి బరువులు కట్టే ముడులు నేర్పుతున్నాడని విన్నాను. దారిలో ఎదురైతే తలూపేవాడు. కానీ తన కుక్కకి జబ్బు చేసినప్పుడు మా క్లినిక్‌కి ఫోన్ చేసి, నా గొంతు విని అడిగాడు.

"పెద్ద డాక్టర్ లేరా?"

ఆ తర్వాత ఎన్ని వందల గిట్టలు పట్టుకున్నానో గుర్తులేదు. ఇప్పటికీ కాలు పట్టుకున్నానంటే చేతికి తెలిసింది బయటికి చెప్పేదాకా తలెత్తి యజమాని ముఖం చూడను.