తొట్టిలో పరిగ పిల్లలు

లాకు పిన్ని పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను గుడివాడ బస్టాండులో ఉన్నాను. పొద్దున కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించిందట, అరుగు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయిందట. ఇంటికి వెళ్లి మావారికి చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు. ఆ పూటే అవనిగడ్డ బస్సెక్కాం.

ఆమె మాకు చుట్టం కాదు. అవనిగడ్డ దాటాక కాలవ లాకు దగ్గర ఒకప్పుడు మేం అద్దెకున్న ఇంటికి పక్క ఇల్లు ఆమెది. భర్త లాకు తలుపులు ఎత్తే కళాసీగా చేసి పోయాడు. పుట్టిల్లు బందరు దగ్గర సముద్రపు ఒడ్డున. అందుకని చిన్నప్పటి నుంచీ చేతిలో గాలం ఉన్న మనిషి. కాలవలో కొర్రమీను పట్టి, బతికుండగానే బజారుకు తీసుకెళ్లి అమ్మేది.

తొంభైల చివర్లో మావారికి కడుపు ఆపరేషన్ అయింది. రైస్ మిల్లులో మిషన్ల దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనిషి, విజయవాడ నుంచి వచ్చాక మంచం దిగలేదు. కుట్లు మానాయి. కాస్త నడవమని డాక్టరు చెప్పారు. ఈయన మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేవారు. "నా పని అయిపోయింది, ఊరికే తిండి దండగ" అని ఒకరోజు అన్నారు. ఆ మాటకు నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. పిన్ని కిటికీలోంచి చూసింది.

మర్నాడు ఒక బకెట్‌తో వచ్చింది. అందులో వేలెడంత పరిగ చేప పిల్లలు ముప్ఫై దాకా ఉన్నాయి. మా వసారాలో ఖాళీగా ఉన్న సిమెంటు తొట్టిలో పోసి, గుమ్మంలోంచి మావారిని పిలిచింది.

"అల్లుడుగారూ, ఇవి నా ఎర చేపలండి. మా ఇంట్లో నీడ లేదు, చచ్చిపోతున్నాయి. రోజూ సగం నీళ్లు తీసేసి కొత్తవి పొయ్యాలి. బోరు నీళ్లు పనికిరావు, కాలవ నీళ్లే."

నాకు ఒళ్లు మండింది. "ఆయన్ని చూసుకోవడమే నాకు కష్టంగా ఉంటే, ఆయనకి పని చెబుతావా పిన్నీ?" అన్నాను.

"బిందెలు మొయ్యమన్నానా అమ్మాయ్? చెంబుతో తెచ్చుకుంటారు" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రెండు చేపలు వెల్లకిలా తేలాయి. మావారు మంచం దిగి వచ్చి చాలాసేపు వాటినే చూశారు. తర్వాత చెంబు తీసుకుని, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని కాలవ దాకా నడిచారు. మాకూ కాలవకూ మధ్య ముప్ఫై అడుగుల దూరం ఉంటుంది. ఆ రోజు నాలుగుసార్లు తిరిగారు. వారం గడిచేసరికి ఎన్నిసార్లో నేను లెక్కపెట్టడం మానేశాను. ఆకలి కూడా దానంతట అదే వచ్చింది.

ఒకరోజు పిన్ని వెంట నేనూ వెళ్లాను. ఎరను తాకేముందు చెయ్యి తడుపుకునేది. వీపు మీద చర్మానికే గాలం గుచ్చేది. "వెన్ను ముల్లుకి తగిలితే చచ్చిపోద్ది. చచ్చినదాని జోలికి కొర్రమీను రాదమ్మాయ్, కదిలేదానికే వచ్చిద్ది" అంది. నీళ్లలో వదలగానే ఆ చిన్న చేప ప్రాణభయంతో తిరుగుతుంటే పైన తేలే బెండు వణికింది. నేను చూడలేక తల తిప్పుకున్నాను. "నాకూ బాధేనమ్మా. అందుకే ఊరికే గుచ్చను" అంది.

మావారూ అడిగారు, "ఇవన్నీ గాలానికేగా పిన్నీ?" అని.

"గాలానికేనండి" అంది. అబద్ధం చెప్పలేదు.

"అయితే ఆ తోక తెగినదాన్ని వదిలెయ్. అది సరిగా ఈదదు" అన్నారు. పిన్ని దాన్ని కాలవలో వదిలేసింది. ఆ తర్వాత ప్రతి వారం ఆయనకు ఒకటో రెండో పనికిరానివి కనపడేవి. "అల్లుడుగారి తొట్టిలో అవిటివే ఎక్కువ" అని నవ్వేది గాని, కాదని ఎప్పుడూ అనలేదు. వారానికొకసారి కొర్రమీను పులుసు గిన్నె మా ఇంటికి వచ్చేది. మూడు నెలలకు ఆయన మళ్లీ మిల్లుకు వెళ్లారు.

మేం గుడివాడ మారేముందు చెప్పిరావడానికి వాళ్లింటికి వెళ్లి, మొదటిసారి పెరట్లోకి నడిచాను. చింతచెట్టు నీడలో మా తొట్టికి రెండింతలుంది, పాచిపట్టిన పాత తొట్టి. నిండా పరిగ పిల్లలే. నేను ఆమె మొహంలోకి చూశాను.

"మందు నువ్వే ఇస్తున్నావ్, అన్నం నువ్వే పెడుతున్నావ్" అంది పిన్ని. "ఆయన్ని నమ్ముకుని కూడా ఏదో ఒకటి బతకాలిగా అమ్మాయ్. మా ఆయన మంచాన పడ్డప్పుడు నాకీ ఆలోచన రాలేదు."

అప్పుడు ఆమె చేతులు పట్టుకున్నాను, అంతే. చెప్పాల్సిన మాట ఇన్నాళ్లకు ఇలా రాస్తున్నాను.

పెద్దకర్మకు మళ్లీ వెళ్లి ఆ రాత్రి అక్కడే ఉన్నాం. తెల్లవారాక కోడలు గాలం తీసుకుని కాలవ గట్టుకు వెళ్తుంటే మేమూ వెళ్లాం. గడ్డి దుబ్బు పక్కన నీళ్లు ఎర్రగా కదులుతున్నాయి. అప్పుడే పుట్టిన కొర్రమీను పిల్లలు, వందల్లో. వాటి కింద తల్లి నల్లగా కనపడింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

కోడలు గాలం పైకి తీసి తంగూసు దారం కర్రకు చుట్టేసింది. "పిల్లలు విడిపోయేదాకా దీన్ని పట్టకూడదంది మా అత్త" అని గట్టు వెంట ముందుకు నడిచింది.

మేం అక్కడే నిలబడ్డాం. తల్లి ఒకసారి పైకి వచ్చి గాలి పీల్చి, మళ్లీ కిందికి దిగింది. ఆ ఎర్రటి గుంపు దాని వెనకే మెల్లగా నీడలోకి జరిగింది.