ఫిలోమిన చాప

పెద్ద బడికి పోవాల్సిన వయసు వచ్చినా ఆరోగ్యమ్మ కూతురు ఫిలోమిన పక్క తడపడం మానలేదు. తెల్లవారగానే ఆరోగ్యమ్మ ఆ తడిచాపను చుట్టి పిల్ల నెత్తిన పెట్టి, వీధి నడిమిగా బావిదాకా నడిపించేది. దొడ్డిదారి ఉంది, కాని ఆ దారిన పోనిచ్చేది కాదు. నలుగురూ చూస్తే సిగ్గొచ్చి మానుతుందని రెంటచింతల పక్కనున్న ఆ పల్లెలో ఆడవాళ్ళ నమ్మకం. అరుగుల మీద పిల్లకాయలు కాచుకుని కూర్చుని “చాపమ్మొచ్చె, చాపమ్మొచ్చె” అని వెంటపడేవాళ్ళు. ఫిలోమిన మెడ నిలబెట్టి నడిచేది. చాపలోంచి తడి చెంపల మీదికి కారినా తుడుచుకునేది కాదు. చెయ్యి తీస్తే చాప జారుతుంది.

ఆరోగ్యమ్మ మొగుడు ఇన్నయ్య డ్యాము పనికి పోయి అక్కడే జ్వరంతో పోయాడు. అప్పటినుంచి ఆమె నాపరాతి గనిలో రాళ్ళు మోస్తోంది. మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడి, అరచేతి మేర నున్నబడింది. ఆ నున్నటి చోటు కూతురికి రాకూడదన్నదొక్కటే ఆమె పంతం. సిస్టర్ల బోర్డింగులో ఉండి చదివితే పిల్ల టీచరమ్మ అవుతుంది. కిందటేడు చేర్పించింది కూడా. క్రిస్మసుకు ముందే తిప్పి పంపారు. పక్కన పడుకునే పిల్లలు వాసనకు నిద్రపోవడం లేదనీ, బాగైతే బడి తెరిచేటప్పుడు తీసుకురమ్మనీ సిస్టరమ్మ మెత్తగానే చెప్పింది.

ఆ ఎండాకాలం లోపల బాగుచెయ్యాలి. ముందు పసుపుకొమ్ము కాల్చి పిల్ల బొడ్డు కింద వాతలు పెట్టించింది. పుండ్లు మానాయి గాని చాప మాత్రం ఆరలేదు. అప్పుడు పక్కింటి రూతమ్మ చెప్పింది.

“లోపలికి పోతేనేగదే బయటికొచ్చేది. నీళ్ళు ఆపి చూడు.”

మధ్యాహ్నం దాటాక పిల్లకు నీళ్ళు బందు. కుండ ఉట్టికెక్కింది. అడిగినా గుక్కెడు మజ్జిగైనా పొయ్యొద్దని ఆరోగ్యమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పల్లె మాట నిలబెట్టుకుంది. రెంటచింతల ఎండలో పిల్ల నాలుకతో పెదాలు తడుపుకుంటూ ఆ గడపా ఈ గడపా తిరిగితే, పొద్దుగూకిందాకా ఓర్చుకోవే అని నవ్వి లోపలికి పోయేవాళ్ళు. చాప తడి తగ్గింది గాని పోలేదు. మరక ముదిరి కంపు హెచ్చింది.

ఒకనాడు, గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి జ్ఞానయ్య ఆ పిల్ల చెవి పట్టుకుని గని దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. గుడి వాకిట్లో తీర్థం తొట్టిలో మూతి పెట్టి తాగుతుంటే పట్టుకున్నాడట.

“దేవుడి నీళ్ళు కుక్క తాగినట్టు తాగిందమ్మా నీ కూతురు” అన్నాడు.

ఆరోగ్యమ్మ గంప దించి, అందరి ముందూ పిల్లను చేతులు నొప్పిపుట్టిందాకా కొట్టింది. ఆదివారం పూజ అయ్యేదాకా ఫిలోమినను గుడి వాకిట్లో చేతులు చాపి మోకాళ్ళ మీద నిలబెట్టారు. కడిగి కొత్తగా నింపిన తొట్టి ఆమె తల పక్కనే ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అందులో వేలు ముంచి, సిలువ గుర్తు వేసుకుని లోపలికి పోయారు. ఆరోగ్యమ్మ కూడా వేలు ముంచింది. కిందికి చూడలేదు.

ఆ మర్నాడు చాప పొడిగా ఉంది. ఆరోగ్యమ్మ నమ్మలేక తిరగేసి తడిమింది, వాసన చూసింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుని “నా తల్లే, నా బంగారు తల్లే” అంది. ఇన్నయ్య పోయాక ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఫిలోమిన కాసేపు కదలకుండా అట్లాగే ఉండిపోయింది.

ఇక చాప తడిస్తే ఒట్టు. తీర్థం పనిచేసిందని ఆరోగ్యమ్మ అంటే జ్ఞానయ్య కాదనలేదు. పొద్దున తాగమని ఇచ్చే ముంతెడు నీళ్ళు కూడా పిల్ల కంచె పక్కన పారబోస్తుంటే రూతమ్మ చూసింది. ఆడపిల్లకు అంత పట్టుదల ఉండాలని మెచ్చుకుంటూ వచ్చి చెప్పింది. విని ఆరోగ్యమ్మ మురిసిపోయింది.

బడి తెరిచే రోజొచ్చింది. వానలింకా పడలేదు. గురజాల సంతలో కొన్న కొత్త చాప ఫిలోమిన నెత్తిన, గుడ్డల మూట తల్లి నెత్తిన. సగం దారిలో తుమ్మచెట్టు కింద ఆగి, ఆరోగ్యమ్మ ముంత ఎత్తి తాగి పిల్లకు చాపింది.

“తాగవే, ఇంకా చానా దూరముంది.”

“వద్దమ్మా. ఈ రాత్రి ఆడ పండుకోవాలగా.”

పిల్లకు బుద్ధి తెలిసిందనుకుని, మిగిలిన నీళ్ళు ఆరోగ్యమ్మ తన కాలిపోతున్న పాదాల మీద పోసుకుంది.

బోర్డింగున్న ఊరు కనబడుతుండగా ముందు చాప పడింది, తర్వాత పిల్ల పడింది. ఒంటిమీద చెమట చుక్క లేదు, ఒళ్ళు పెనంలా ఉంది. పల్లె వైపు పోయే బండివాడి దగ్గర నీళ్ళు తీసుకుని నోట్లో పోస్తే పెదాల చివరినుంచి కారిపోయాయి. ఆ బండిమీదే వెనక్కి తెచ్చి కొత్త చాప మీద పడుకోబెట్టారు. దీపాలు పెట్టేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున్నే శవానికి స్నానం చేయించడానికి పల్లెలో ప్రతి ఇంటినుంచీ బిందెడు నీళ్ళు వచ్చాయి. పిల్లను లేవనెత్తితే కింద చాప తడిసి ఉంది. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. దొడ్డిదారిన తీసుకుపోయి పారేసొస్తానని రూతమ్మ వంగింది. ఆరోగ్యమ్మ ఇవ్వలేదు. తానే చుట్టి నెత్తిన పెట్టుకుని వీధి నడిమికి వచ్చింది.

అరుగు మీద కూర్చున్న ఒక చిన్నపిల్ల, ఏమీ తెలియనిది, చాపను చూసి అలవాటు కొద్దీ “చాపమ్మొచ్చె” అని చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ గబుక్కున దాని నోరు మూసింది.

ఆరోగ్యమ్మ ఆగింది.

“అననియ్యవే. నేర్పింది నేనేగా” అని, మెడ నిలబెట్టి బావి వైపు నడిచింది.