రెండో జామీనుదారు

1963వ సంవత్సరం. నెల్లూరులో ఒక కాలేజీ ఆఫీసులో నేను హెడ్‌క్లర్కుగా పనిచేస్తున్నాను. పి.యు.సి. ఫలితాలు వచ్చిన మర్నాటినుంచి రెండు నెలలపాటు మా వరండాలో నిలబడడానికి చోటుండేది కాదు. మెడికల్ కాలేజీకి, ఇంజనీరింగ్ కాలేజీకి, వ్యవసాయ కాలేజీకి, ఎక్కడికి అప్లికేషన్ పంపాలన్నా పిల్లలు ముందు నా బల్ల దగ్గరికి వచ్చేవారు.

బయటివాళ్లకు ఇది ఫారాలు నింపే పనిలాగా కనిపిస్తుంది. నిజానికి ఇది చదివే పని. ప్రతి విశ్వవిద్యాలయమూ ప్రాస్పెక్టస్ అని ఒక చిన్న పుస్తకం వేస్తుంది. సీట్లెన్ని, మార్కులెన్ని కావాలి, ఎవరు అర్హులు అన్నది అందులో ఉంటుంది. పిల్లలు మొదటి నాలుగు పేజీలు చదివి పుస్తకం మూసేస్తారు. నేను చివరి పేజీనుంచి మొదలుపెడతాను. పదిహేడేళ్లు నిండాలన్న నిబంధన, ఫలానా సబ్జెక్టులు ఉండాలన్న నిబంధన, నేటివిటీ సర్టిఫికెట్ ఎవరు సంతకం చేయాలన్న వివరం, ఇవన్నీ చివర చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫస్టు క్లాసు వచ్చిన కుర్రవాడు వయసు పందొమ్మిది రోజులు తక్కువై ఇంటికి పోవడం నేను చూశాను. లెక్కల గ్రూపు చదివి డాక్టరీకి అప్లికేషన్ పెట్టినవాణ్ణీ చూశాను. నా చేతిమీదుగా పోయిన అప్లికేషన్ తప్పుందని వెనక్కి రాలేదన్న పేరు నాకుండేది. ఆ పేరును నేను జాగ్రత్తగా కాపాడుకునేవాణ్ణి.

మా ఇంటి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి, నేను చెప్పబోయే కేసు దానితో ముడిపడి ఉంది కాబట్టి. మైపాడు దారిలో సముద్రం ఒడ్డుదాకా కొన్ని ఊళ్లు మా తాతగారి చేతికింద ఉండేవి. ఎస్టేట్ల రద్దుతో అవి పోయాయి. మిగిలినవి దాయాదుల దావాల్లో పోయాయి. నేను ఎవరి ముందూ చేయి చాచలేదు. ఉద్యోగం వెతుక్కున్నాను. ఇస్త్రీ కోటు తొడుక్కుని పది గంటలకు అయిదు నిమిషాల ముందే కుర్చీలో కూర్చునేవాణ్ణి. ప్రిన్సిపాల్‌గారితో సహా ఆ కాలేజీలో ఎవరూ నన్ను ఏకవచనంతో పిలవలేదు.

ఆ సంవత్సరం మెడికల్ సీటుకు అప్లికేషన్ పెట్టినవాళ్లలో పెంచలయ్య ఒకడు. మైపాడు దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లెనుంచి వచ్చి చదువుకున్నాడు. తండ్రి ఏకాంబరం సముద్రంమీద వేటకు పోతాడు. ఆ పల్లెలో పి.యు.సి. దాకా వచ్చినవాడు అతనొక్కడే. మార్కులు బాగా వచ్చాయి. సందేహం లేకుండా సీటు వచ్చేంత బాగా వచ్చాయి.

అతనికి నేను ప్రాస్పెక్టస్ ఎలా చదవాలో చెప్పాను. అందుకే చివరి పేజీ అతనే చూశాడు.

"సార్, ఈడ బాండు అని ఉండాది. ఇద్దరు జామీనుదార్లు కావాలంట. అదేంది సార్?"

మధ్యలో చదువు మానేస్తే ప్రభుత్వానికి నష్టపరిహారం కడతామని సీటు వచ్చినవాళ్లు రాసిచ్చే ఒప్పందమే బాండు. దానికి ఇద్దరు పూచీ పడాలి. ఒకరు పర్మనెంటు సర్కారు ఉద్యోగి అయితే చాలు. రెండోవారికి మాత్రం స్థిరాస్తి ఉండాలి. ఆ ఆస్తి ఉందని తహశీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ జత చేయాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఆనాడే అతనికి విడమరిచి చెప్పి, మనిషిని వెతుక్కోమనాల్సింది.

"అది సీటు వచ్చాక చూసుకునేదిలే," అని పేజీ తిప్పాను. స్థిరాస్తి అన్న మాట మీద నేను ఎక్కువసేపు నిలవలేకపోయేవాణ్ణి ఆ రోజుల్లో.

జులైలో సెలక్షన్ కార్డు వచ్చింది. కార్డు అందిన పదిహేనో రోజు సాయంత్రం అయిదు గంటల్లోపు బాండుతో సహా వచ్చి చేరాలి, లేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తరువాతివారికి పోతుంది అని అందులో ఉంది. మూడో రోజున తండ్రీకొడుకులు ఆఫీసుకు వచ్చారు. ఏకాంబరం ఆ కార్డును తువ్వాలులో చుట్టి తెచ్చాడు. మొదటి జామీనుకు హైస్కూలు హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. రెండోవారు దొరకలేదు.

"మీ పల్లెలో ఎవరికీ ఆస్తి లేదా?" అని అడిగాను.

"ఇండ్లు ఉండాయి సామీ. అవన్నీ పోరంబోకులో వేసుకున్నయ్యే. పడవ ఉండాది, వల ఉండాది. అయ్యి లెక్కలోకి రావంట. సముద్రానికి పట్టా ఇమ్మంటే యిస్తారా?"

పక్క బల్ల దగ్గర టైపిస్టు శామ్యూల్ నవ్వాడు. ఏకాంబరం కూడా నవ్వాడు.

"ఊళ్లో భూములున్నవాళ్లను అడిగి చూశారా?"

"అడగతానే ఉండాం సామీ. ఒకాయన, నీ కొడుకు డాక్టరైతే మాకు చేపలెవురు తెస్తారురా అన్న్యాడు. ఇంకొకాయన ఇంట్లో ఉండి కూడా లేడని చెప్పించినాడు." ఏకాంబరం నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ తాతగారి నీడన బతికినోళ్లం అయ్యా. మీరు చెయ్యి పెడితే చాలు. ఇంకెవురి కాళ్లూ పట్టుకునే పన్ల్యా."

అప్పుడు శామ్యూల్ టైపు ఆపాడు. అతను కావలి తాలూకాలో బిట్రగుంట వైపువాడు. తండ్రి చర్చిలో ఉపదేశకుడుగా ఉండి, కష్టపడి కొంత పొలం కొన్నాడు.

"సార్, నాకు ఆడ ఎకరన్నర మాగాణి ఉంది. నా పేరుమీదే ఉంది. నేను పెడతాను సంతకం," అన్నాడు.

వరండాలో పిల్లలున్నారు. అటెండరున్నాడు. ఏకాంబరం చేతులు కట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు. మా తాతగారి పేరు చెప్పి అడిగిన మనిషికి, నా ఎదుట, నాకింద పనిచేసే టైపిస్టు పూచీ పడతానంటున్నాడు.

"అవసరం లేదు శామ్యూల్. నేనున్నాను," అన్నాను.

ఏకాంబరం వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. వద్దన్నాను. వద్దన్నప్పుడు కూడా నా వెన్ను నిటారుగానే ఉందని నాకు గుర్తు.

నేను పూర్తిగా అబద్ధం ఆడాననుకోలేదు. సముద్రం ఒడ్డున మాకొక సరుగుడు తోట ఉండేది. దావాలో అది కోర్టు వేలానికి పోయి మూడేళ్లయింది. కానీ కరణం పుస్తకాల్లో ఇంకా నా పేరే ఉందని విన్నాను. కరణం కుటుంబం మూడు తరాలు మా చావడిలో లెక్కలు రాసింది. అతను నా పేరు చూసి నాలుగు ముక్కలు రాసిస్తాడు, తహశీల్దారు సంతకం చేస్తాడు, కుర్రవాడు అయిదేళ్లు చదివి డాక్టరవుతాడు, ఆ కాగితాన్ని మళ్లీ ఎవరూ తెరవరు అనుకున్నాను. ఇన్ని సంవత్సరాలు కాగితాల మధ్య బతికినవాణ్ణి, అలా ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సాల్వెన్సీకి దరఖాస్తు పెడితే కరణం రిపోర్టు ఒక్కటే చాలదు. రిజిస్ట్రారు ఆఫీసునుంచి ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ రావాలి. ఆ ఆస్తి మీద తాకట్టు గాని అమ్మకం గాని జరిగిందా అన్నది అందులో తెలుస్తుంది. కోర్టు వేలం ఆ పుస్తకాల్లోకి ఎక్కి ఉంది. కరణం నాకు అపకారం చేయలేదు, ఉపకారమూ చేయలేదు. ఉన్నది రాశాడు. నేను కూడా ఆ కుర్చీలో ఉంటే అదే రాసేవాణ్ణి.

పదకొండో రోజున దరఖాస్తు తిరిగి వచ్చింది. మీద ఎర్ర సిరాతో రెండు వరుసలు రాశారు. సదరు ఆస్తి కోర్టు వేలంలో అన్యాక్రాంతమైనది, జామీనుదారునకు దానిపై ఎట్టి హక్కూ లేదు. కింద తేదీ.

అప్పటికింకా నాలుగు రోజులుంది. ఆ సాయంత్రమే శామ్యూల్‌తో చెప్పి ఉంటే అతను కావలి తాలూకా ఆఫీసులో తన కాగితాలు తెచ్చుకునేవాడు. నేను చెప్పలేదు. కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. మర్నాడు తహశీల్దారును కలిసి మాట్లాడదామనుకున్నాను. వెళ్లాను గాని లోపలికి పోలేదు. ఏమని మాట్లాడను? పెంచలయ్య రోజూ వచ్చి వరండాలో నిలబడేవాడు. "వచ్చిందా సార్?" అని అడిగేవాడు. "వస్తుంది," అనేవాణ్ణి.

రెండు రోజులు ఆ కాగితం నా సొరుగులో ఉంది.

పద్నాలుగో రోజు పొద్దున శామ్యూల్‌ను పిలిచి ఇచ్చాను. అతను చదివాడు. కుర్చీ వెనక తగిలించిన సంచీ తీసుకుని, "పది గంటల బస్సుకు పోతాను సార్. సెలవు చీటీ మీరే రాసుకోండి," అన్నాడు. ఆ తొందరలో కాగితం బల్లమీద వదిలేశాడు. పెంచలయ్య అప్పటికే లోపలికి వచ్చి ఉన్నాడు. కాగితం తీసుకుని చదివాడు. ఎర్ర సిరా వరుసలు చదివాడు. కింద తేదీ దగ్గర అతని చూపు ఆగడం నేను చూశాను. తరువాత దాన్ని మడత పెట్టి నా ముందు ఉంచాడు.

"రేపటితో ఆఖరు గదా సార్," అన్నాడు.

కావలిలో తహశీల్దారు లేడు, ఒక పల్లెకు క్యాంపు పోయాడు. శామ్యూల్ ఆ ఊరికే పోయి, చెట్టుకింద కూర్చున్న ఆయన చేత సంతకం పెట్టించి, పదహారో రోజు మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. పెంచలయ్య అప్పటికే ఒక్క జామీను కాగితంతో మెడికల్ కాలేజీకి వెళ్లాడు. గడువు పెంచమని నేను టెలిగ్రాం ఇచ్చాను. అలాంటి టెలిగ్రాములు మా ఆఫీసుకూ వస్తుండేవి. వాటిని ఫైలులో పెట్టమని నేనే చెబుతుండేవాణ్ణి.

అక్కడి క్లర్కు అయిదు గంటలదాకా అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడట. అయిదింటికి వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు పిలిచాడట. ఆ పేరుగల అబ్బాయి తండ్రితో సహా అదే బెంచీ మీద పక్కన కూర్చుని ఉన్నాడట. ఇది పెంచలయ్యే నాకు చెప్పాడు, ఏ కోపమూ లేకుండా, వేరెవరి సంగతో చెప్పినట్టు.

మరుసటి సంవత్సరం మళ్లీ అప్లికేషన్ పంపాము. ఈసారి శామ్యూల్ కాగితాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. కానీ ఆ ఏడు ఎక్కువ మార్కులవాళ్లు ఎక్కువమంది వచ్చారు. పెంచలయ్య పేరు లిస్టులో లేదు. వెయిటింగ్ లిస్టులో కూడా లేదు.

ఆ రెండు అప్లికేషన్ల మధ్యకాలంలో ఒకరోజు ఏకాంబరం ఆఫీసుకు వచ్చాడు. ఎండురొయ్యల మూట నా బల్లపక్కన పెట్టాడు.

"ఇదేమిటి?" అన్నాను.

"ఏముంది సామీ, మా యింట్లోయి. మీరు మాకోసం ఎండలో ఆపీసుల చుట్టూ తిరిగినారంట గదా. అబ్బోడు చెప్పినాడు. తాసిల్దారు ఆపీసోళ్లు జాప్యం చేసినారంట. వాళ్లకేం తెలస్తది మన బాధ. మీరు మనసులో పెట్టుకోబాకండి అయ్యా. మాకు రాసిపెట్టి ల్యా."

శామ్యూల్ తల వంచుకుని టైపు కొడుతున్నాడు. నేను ఆ మూట తీసుకున్నాను. తీసుకోకపోతే కారణం చెప్పాల్సి వచ్చేది.

పెంచలయ్య మలేరియా నివారణ శాఖలో చిన్న ఉద్యోగానికి కుదిరాడు. ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉందా అని అడిగి, గోడమీద తేదీ వేసే పని. దానికి కావలసిన సర్టిఫికెట్ కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాము.

"మీ నాయనతో నిజం ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్తే ఏమొస్తది సార్. సీటు తిరిగొస్తదా? మా నాయన పల్లెలో మీ పేరు చెప్పుకోని తిరగతా ఉండాడు. అయ్యగారు మనకోసం నిలబడినాడని అందరికీ చెప్తా ఉండాడు. సీటు పాయె. అదన్నా ఉండనీండి."

సర్టిఫికెట్ మీద సంతకం చేయించి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్లాడు. ఏకాంబరం మరో ఆరేళ్లు బతికాడు. నేను ఆ పల్లె వైపు వెళ్లలేదు. ఆయన నిజం తెలియకుండానే పోయాడు.

ఆ తరువాత నా పని పద్ధతిలో ఒక్కటే మార్చుకున్నాను. జామీనుదారులుగా వచ్చేవారిని నలుగురి ఎదుట ఏమీ అడిగేవాణ్ణి కాదు. వాళ్లు పెద్ద రైతులైనా, పేరున్న ఇంటివారైనా, పంచాయతీ ప్రెసిడెంట్లైనా సరే, ఒక్కొక్కరినీ రికార్డు గదిలోకి తీసుకుపోయి, తలుపు వేసి అడిగేవాణ్ణి. ఈ ఆస్తి ఈ రోజున మీదేనా, దావాలో ఉందా, చేతులు మారిందా అని. కొందరికి కోపం వచ్చేది. కొందరు చాలాసేపు బీరువాల వైపు చూసి, "ఇంకొకర్ని చూసుకోమనండి," అని వెనక గుమ్మంగుండా వెళ్లిపోయేవారు. వరండాలో ఉన్న తండ్రితో నేను, ఆయన కాగితాలు దొరకలేదట, ఇంకొకరిని చూడండి అని మాత్రం చెప్పేవాణ్ణి. గడువుకు ఇంకా రోజులుండేవి కాబట్టి వాళ్లు ఇంకొకరిని వెతుక్కునేవారు. ఆ విధంగా నిలిచిన సీట్లు కొన్ని ఉన్నాయి.

ఆస్తి పోయిందన్న మాట పదిమందిలో మనిషి నోట రాదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. దాన్ని నేను నేర్చుకోవడానికి పెంచలయ్య చెల్లించుకున్నది చాలా ఎక్కువ. 1963లో నన్ను ఎవరైనా అలా గదిలోకి పిలిచి, తలుపు వేసి అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్ణని అనుకోవడానికి ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. ఖాయంగా చెప్పలేను.