మా అమ్మ కట్టుకున్న ఎద్దు గంతలు

మా చిన్నప్పుడు... గానుగ తిప్పే దూలం మీద కూర్చోవడమే నా పని. బరువు కోసం కూర్చోబెట్టేవారు. ఎద్దు తిరుగుతుంటే దానితో పాటు నేనూ తిరిగేవాణ్ని.

బస్తర్‌లో రాజుగారి రాజ్యం నడుస్తున్న రోజులవి. దోర్నపాల్ దిగువన, శబరి ఒడ్డున మా పల్లె. చుట్టూ దొర్ల గిరిజనుల ఇళ్లు, మధ్యలో మా గానుగ ఒక్కటే. ఊరంతా ఇప్పగింజలు తెచ్చి మా చావిట్లో పోసేవారు. ఆ నూనే కూరకు, ఆ నూనే దీపానికి. ఆడించినందుకు కొంత నూనె, గానుగపిండి మాకు మిగిలేవి.

ఎద్దు పేరు చుక్కడు. నుదుట తెల్లమచ్చ. కళ్లకు గంతలు కట్టి తిప్పేవాళ్లం. కళ్లు తెరిచి అలా గుండ్రంగా తిరిగితే తల తిరిగి పడిపోతుంది కదా...

ఆ ఏడు తొలకరి ముందే పడింది. మిట్టమధ్యాహ్నం. నాన్న చావిట్లో గింజలు దంచుతున్నాడు. నేను దూలం మీద ఉన్నాను. కంచె అవతల పొదలో పెద్దపులి కనిపించింది. నా వైపు చూడలేదు. చుక్కణ్నే చూస్తోంది.

అరవాలి. నోరు తెరిచాను. గొంతు రాలేదు.

చుక్కడికి వాసన తెలిసింది కాబోలు, ఆగిపోయాడు. ఎటు పోవాలో తెలియదు పాపం... నేను దూకి గానుగ రోలు చాటున పడ్డాను. పులి వాడి గొంతు పట్టింది. మెడ విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. నెత్తురు నా మొహం మీద పడింది. వెచ్చగా ఉంది.

నాన్న రోకలితో ఉరికొచ్చి దాని వీపు మీద వేశాడు. అది ఎద్దును వదిలి నాన్న కుడిభుజం చీల్చి పొదల్లోకి పోయింది. భుజం మీది కండ తోలుతో సహా వేలాడింది...

పక్కింటి ఎర్రయ్య మామ ఆకుపసరు వేసి కట్టు కట్టాడు.

"ఎద్దును అడవిల ఏసెయ్ బావా. పులి తిని దాని దారిన పోతది" అన్నాడు.

"ఇన్నేండ్లు మాకు బువ్వ పెట్టింది. నక్కలకేస్తనా?" అన్నాడు నాన్న.

గానుగ ఇళ్లలో ఎద్దు చస్తే పూడ్చాల్సిందే. గొయ్యి తీసి పసుపు చల్లి పూడ్చాం. అదే మేం చేసిన తప్పు. పులి తిండి మట్టిలో దాచాం. అది వెతుక్కుంటూ మళ్లీ గానుగ దగ్గరికే వస్తుందని తోచలేదు.

"మా గింజలు మేం తీసుకపోతంలే" అన్నాడు ఎర్రయ్య మామ, మొహమాటంగా.

"దంచిన గింజల పప్పు ఏడికి తీసుకపోతవ్? ఈ వానకు మూడు దినాల్ల బూజు పడ్తది" అన్నాడు నాన్న.

నిజమే. ఊరి ఏడాది నూనె అది. పోతే ఆ తర్వాత మా గానుగకు గింజలు తెచ్చేవాళ్లుండరు.

అమ్మ గోడకున్న కాడి తీసింది. "ఎద్దు పోయింది గానీ మెడలు పోలేదు గదా."

"ఏందే, నువ్వు లాగుతవా?"

"ఇన్నేండ్లు నిన్ను లాగలేదా? ఇదెంత!"

నాన్న నవ్వబోయి నొప్పికి మూలిగాడు.

అమ్మ పది చుట్లు తిరిగింది. కూలబడి కక్కుకుంది. లేచి మళ్లీ తిరిగింది, మళ్లీ కక్కుకుంది. అప్పుడు చుక్కడి గంతలు తెచ్చుకుంది. ఎంత ఉతికినా నెత్తుటి మరక పోలేదు. వాటినే కళ్లకు కట్టుకుంది. ఇక తల తిరగలేదు.

నాన్న నాతో అన్నాడు... "ఇగ అమ్మకు కండ్లు నువ్వే. పులి కనబడ్డదంటే కేకెయ్."

మొదటిసారి నా గొంతు రాలేదని నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మూడో రోజు, అదే పొద్దు. నేను దూలం మీద, ముందు అమ్మ. నాన్న ఎడమచేత్తో రోట్లో పప్పు ఎగదోస్తున్నాడు. అదే పొద కదిలింది.

మళ్లీ గొంతు పట్టేసింది. కాడి కింద అమ్మ మెడ కనబడుతోంది... చెమటతో మెరుస్తోంది. నా చేతిని నేనే కొరికాను. నోట్లోకి నెత్తురొచ్చింది. దాంతో పాటే అరుపూ వచ్చింది.

"అమ్మా, కూసో!"

ఎందుకని అడగలేదు. గంతలు తీయలేదు. మెడ మీది కాడి జారవిడిచి ఉన్నచోటే కూలబడింది. పులి ఆమె మీదుగా పోయి గానుగ మానుకు గుద్దుకుంది. నేను ఎగిరి అవతల పడ్డాను.

నాన్న ఎడమచేత్తోనే పక్కనున్న గునపం దాని డొక్కలో దింపాడు. అది లేచేలోపు నా అరుపు విన్న ఎర్రయ్య మామ, వాళ్ల అన్నదమ్ములు గొడ్డళ్లతో దూకారు. ఒక దెబ్బకు దవడ ఊడింది. ఒక దెబ్బకు పేగులు బయటపడ్డాయి. చచ్చాక కూడా నరుకుతూనే ఉన్నారు... నాన్న ఏడుస్తూ పొడిచాడు. "చుక్కా... చుక్కా..." అంటున్నాడు.

అమ్మ కూర్చున్నచోటే ఉంది, గంతలతో. ఆమె చీర మీద నెత్తురు చింది ఉంది.

"అయిపాయెనారా? తియ్యాల్నా?" అని అడిగింది. నాన్నను కాదు, నన్ను.

నేను నరికిన పులి వైపు చూశాను. "వద్దమ్మా, తియ్యకు" అన్నాను.

చేత్తో తడుముకుని లేచింది. కాడి వెతికి మళ్లీ మెడకెత్తుకుంది.

"ఐతే ఎక్కి తోలు. పప్పు పాడైతది."

ఆ వానాకాలమంతా గానుగ ఆగలేదు. అమ్మ మెడ కాయ కాచింది. అది చూసి ఊరి ఆడవాళ్లే వచ్చారు. ఎవరి గింజలకు వాళ్లే కాడి పట్టి, ఆ గంతలే మార్చి మార్చి కట్టుకున్నారు. మేం కొత్తగా తెచ్చుకున్న కోడె ఎదిగేదాకా అలాగే నడిచింది.

ఇప్పుడు నూనె ప్యాకెట్‌లో వస్తోంది... పళ్లతో చించి పోసుకోవడమే. ఎవరి మెడ లాగిందో తెలియదు. నా చేతి మీద నా పళ్ల గాటు ఇంకా ఉంది.

మీ ఇంట్లో పని ఆగిపోయిన రోజు కాడి ఎవరు ఎత్తుకున్నారు? అలాంటివాళ్లు ఉంటే రాయండి... చదువుకుంటాను.