తడి పడుగు

గద్వాలలో మా వీధి రాజమౌళి చీరలు నేస్తాడు. పడుగును, అంటే మగ్గమెక్కే నిలువు దారాలను, ముందు వీధి పొడవునా కర్రలు పాతి సాగదీసి గంజి పట్టించాలి. అది తెల్లవారుజాము పని. ఆ వేళప్పుడు పాలవాడు కూడా పక్క సందులోంచి పోతాడు. గంజి ఆరేదాకా పట్టుకున్న చెయ్యి వదలకూడదు, వదిలితే దారమంతా ముద్ద కడుతుంది. రాజమౌళి భార్య రాధమ్మ పుట్టింట్లో మొదట నేర్చుకున్నది అదేనట.

2007లో ప్లాట్లు అమ్మే కంపెనీ ఒకటి, వీపుకు ఇంజను కట్టుకుని గుడ్డ రెక్కతో ఎగిరేవాణ్ణి తెప్పించింది. ఇళ్ల మీదుగా తిరుగుతూ కాగితాలు చల్లేవాడు. మేమూ నోళ్లు తెరుచుకుని చూశాం, అబద్ధమెందుకు! ఒక పొద్దున ఇంజను ఆగి నేరుగా మా వీధిలోకి దిగాడు. అందరం పరుగెత్తాం. రాధమ్మ మాత్రం పడుగు పట్టుకుని నిలబడింది. రెక్క తాళ్లు దారాలకు చిక్కుకుని ఆమెను ఈడ్చేశాయి. కుడి మణికట్టు నుజ్జయింది. ఆ మహానుభావుడు దుమ్ము దులుపుకుని కంపెనీ జీపెక్కి పోయాడు.

ఆ యంత్రం మళ్లీ ఇళ్ల మీద ఎగరకూడదు. రాజమౌళి కోరింది అదొక్కటే. నేనూ వెంట తిరిగాను.

"బండికైతే నంబరుంటది, కేసు రాస్త. గాలిల పోయేదానికి నంబరేడిది?" అన్నాడు ఠాణాలో ఎస్సై.

హైదరాబాదులో విమానాల సంగతి చూసే ఆఫీసరు చాయ్ తాగుతూ, "ఇది కొత్తగా వచ్చింది. విమానమా కాదా అన్నది ఇంకా తేల్చలేదు" అన్నాడు.

"తేల్చెదాంక జర ఎగురకుండ ఆపుండ్రి సారూ" అన్నాడు రాజమౌళి.

"ఏ రూలు కింద ఆపాలయ్యా?" అని నవ్వాడు.

కొన్నాళ్లకు ఎస్సై మా వీధికొచ్చాడు. ఎగిరినవాడు దొరికాడనుకుని రాజమౌళి ఎదురు వెళ్లాడు.

"నీ కర్రలు తగిలి కంపెనోళ్ల రెక్క చినిగిందంట. రోడ్డు మీద కర్రలు పాతుడు నేరం. దీనికైతే రూలున్నది" అని రాజమౌళి మీద కేసు రాశాడు. కర్రలు పీకించి జీపులో వేయించాడు. ఛీ, వీళ్లూ వీళ్ల రూళ్లూ!

ఇప్పుడు పడుగు ఊరి బయట బీడులో సాగదీస్తున్నారు. ఒక కొస రాధమ్మ ఎడమచేత్తో పట్టుకుంటుంది. పైన ఇంజను చప్పుడు వినబడితే చాలు, రాజమౌళి "ఇడిచిపెట్టే, ఇడిచిపెట్టి ఉరుకు!" అని అరుస్తాడు.

ఆమె ఇంతవరకూ విడిచిపెట్టలేదు.