రాయి కింద తంగేడు మండ

“చిన్నాయనా, నాయన పోయినాడు” అని గంగులప్ప సార్ కూతురు సుజాత తెల్లవారుజామున ఫోను చేసి చెప్పినప్పుడు, నా నోట వచ్చిన మొదటి మాట “యాడికి?” అన్నది. దుర్వార్తను అందుకునే తీరు అది కాదని నాకూ తెలుసు. కానీ ఆ ఇంట్లో ‘నాయన పోయినాడు’ అంటే ఇన్నేళ్లుగా ఒకటే అర్థం: ఆదివారం పొద్దున్నే మోటారు సైకిలు తీసి ఏదో అడవి దారి పట్టాడని. ఆ మాటకు రెండో అర్థం కూడా ఉందని గ్రహించేసరికి అవతల ఆ అమ్మాయి ఏడుస్తోంది. నేను మంచం మీద కూలబడ్డాను.

బుక్కరాయసముద్రం వాస్తవ్యులు, గణితోపాధ్యాయులు, అసంఖ్యాక శిష్యులకు ఆరాధ్యులు అయిన గంగులప్ప గారి అస్తమయంతో ఈ కరువుసీమ ఒక నిష్కామ సంచారిని కోల్పోయింది. నిష్కామం అన్న మాట అలంకారం కోసం వాడలేదు. ఆ కొండల్లో ఆయనకు పొలం లేదు, గని లేదు, తీర్చవలసిన మొక్కు లేదు. దారి ఉంది, అంతే.

ఒకే పాఠశాలలో ఆయన లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఆయనది లెక్కల సబ్జెక్టు, నాది ఎవరూ లెక్కచేయని సబ్జెక్టు. నాకు బండి నడపడం రాదు. పట్టుదలగా నేర్పబోయి, చివరికి చెరువుకట్ట దిగువన తుమ్మకంపలోంచి నన్ను ఆయనే ఏరుకున్నారు. ముండ్లు తీస్తూ, “నీకు ఎనక సీటే బాగుంటాది లేప్పా, పద్యాలు చదువుకుంటా కూర్చో” అని తీర్పు చెప్పారు. ఆనాటి నుంచి మా జంట ఒక ద్విత్వాక్షరం. ఆయన అక్షరం, నేను పట్టుకుని వేలాడే ఒత్తు.

ముచ్చుకోట కొండల్లో మేము తిరిగిన దారులు పటాల్లో కనిపించవు. గొర్రెలు తొక్కిన బాటలు, ఎప్పుడో కట్టెల బండ్ల చక్రాలు కోసిన గాళ్లు, వంక దాటగానే మాయమయ్యే జాడలు. నాకు గుబులు పుట్టినప్పుడల్లా ఆయన వీపు తట్టి “అన్నా, దారి తప్పినాం” అనేవాణ్ణి. “ఇప్పుడే ఎందుకనుకోవల్ల? పెట్రోలు అయిపోయినప్పుడు అనుకుందాం” అనేవారు. దిగుడు వస్తే చాలు, ఇంజను ఆపేసేవారు. బండి దానంతటది జారుతుంటే టైర్ల కింద గులకరాళ్లు పలికేవి, పొదల్లో కౌజుపిట్ట కూసేది, ఎండుగడ్డిలో గాలి కదిలేది. “బండి గమ్మునుంటే అడివి మాట్లాడతాది. నువ్వు గూడా కొంచెం గమ్మునుండప్పా” అనేవారు. నా పద్యాల మీద ఆయన చేసిన ఏకైక విమర్శ అది.

ఆ కొండల్లోనే గొర్రెల కాపరి ఎర్రిస్వామి పరిచయమయ్యాడు. గొలుసు తెగిన బండిని తోసుకుంటూ వస్తున్న మమ్మల్ని ఎదురొచ్చి నిలేశాడు.

“ఎవరన్నా మీరు? గాలిమరలోళ్లా? సర్వేకు వచ్చినారా?”

“కాదప్పా. ఊరికే వచ్చినాం” అన్నారు సార్.

“ఊరికేనా? పనేమీ లేకుండా ఈ ముండ్లలోకి ఎవరన్నా వస్తారా?”

“పనుంటే తార్రోడ్డు మీదనే పోయేటోళ్లం గదప్పా.”

ఎర్రిస్వామి చాలాసేపు నవ్వాడు. తన జొన్నరొట్టె తుంచి మాకు చెరో ముక్క పెట్టి, ఆ అడవి కట్టడి ఒకటి నేర్పాడు. లోపలికి పోయేవాళ్లు దారి చీలిన చోట, తాము పట్టిన బాటలో ఒక తంగేడు మండ ఉంచి దాని మీద రాయి పెట్టాలి. తిరిగి వచ్చేటప్పుడు తీసేయాలి. మండ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. పొద్దుగూకినా ఉంటే, చూసినవాళ్లు వెతకడానికి పోవాలి. పెట్టినవాళ్లో, వాళ్ల రక్తం పంచుకున్నవాళ్లో తప్ప ఇంకొకరు దాన్ని తీయకూడదు.

లెక్కల మాస్టారికి ఇది మహదానందం. “ఒక మండ పెడితే ఒక మండ తీయల్ల. తీస్తే మనిషి వచ్చేసినట్టు. ఎంత శుద్ధమైన లెక్కప్పా!” అని దారి పొడుగునా మురిసిపోయారు. ఆ తర్వాత ఆయన మండ పెట్టని ప్రయాణం లేదు, తీయడం మరిచిన ప్రయాణమూ లేదు. ఒక్కటి తప్ప.

అది గత వానాకాలం. వానాకాలం అన్నది మా వైపు క్యాలెండరులో మాత్రమే కురుస్తుంది. ఎప్పటిలాగే చీలిక దగ్గర మండ పెట్టి ముందుకు పోయాం. మధ్యాహ్నానికి అవతలి కొండ మీద నల్లటి మబ్బు దిగింది. ఇంకో జిల్లావాళ్లయితే బండి తిప్పుకొని ఇంటిదారి పట్టేవారు. మేము అనంతపురం వాళ్లం, వాన వెంట పడ్డాం. “పోతాండాది, పోతాండాది, గట్టిగా పట్టుకో!” అంటూ ఆయన బండిని మబ్బు మీదికి తోలారు. కొండ అవతల ఒక చిన్న చెక్‌డ్యాం నిండి, నీళ్లు గట్టు మీదుగా పొర్లుతున్నాయి. “మరవ పోతాండాదప్పా!” అని అరిచి, చెప్పులు విడిచి ఆ నీళ్లలో నిలబడ్డారు. కళ్లద్దాల మీది చినుకులు తుడుచుకోవడం కూడా మరిచి నవ్వుతూనే ఉన్నారు. ఆయన్ని తలచుకున్నప్పుడల్లా నాకు కనిపించేది ఆ ముఖమే. ఆ సంబరంలో వెనక్కి మళ్లడం ఇద్దరికీ తోచలేదు. అటే సాగి, తాడిపత్రి రోడ్డెక్కి ఇల్లు చేరాం. తల తుడుచుకుంటూ ఉండగా ఆయన చేతిలో తువాలు ఆగిపోయింది.

“మండ తీయలేదప్పా.”

వచ్చే ఆదివారం పోదామనుకున్నాం. ఆదివారం రాకముందే గుండెనొప్పి వచ్చింది. బండి ముట్టుకోరాదన్నారు డాక్టరు. ఎర్రిస్వామికి ఫోను లేదు. “ఆయప్ప ఆడ మనకోసం ఎతుకుతాంటాడు, మనం ఈడ కాఫీ తాగుతాండాం” అని మథనపడేవారు. ఆటో మాట్లాడుకొని నేను పోయొస్తానన్నాను.

“ఆటో వంక కాడనే కూలబడతాది. అప్పుడు ఎర్రిస్వామి మనల్నే గాక ఆటోవాణ్ణి గూడా ఎతకల్ల. వద్దులే. నా మండ నేనే తీస్తా.”

చివరిసారి చూసినప్పుడు ఆయన గొంతు సన్నగిల్లింది. నా చెయ్యి పట్టుకొని అన్నది మాత్రం అదే: “మండ తీయల్లప్పా.”

పెద్దకర్మ ముగిసిన తర్వాత ఒక ఉదయం సుజాత ఆ బండితో మా వాకిట ఆగింది. ఆమె బత్తలపల్లెలో టీచరు. నాకు అబ్బని విద్యను తండ్రి ఆమెకు నేర్పారు. “ఎక్కు చిన్నాయనా, నాయన మండ తీసొద్దాం” అంది. అక్షరం మారింది. ఒత్తు పాతదే.

నెలలు గడిచాయి. ఎండుపుల్ల మిగిలి ఉన్నా గొప్పే అనుకుంటూ చీలిక దగ్గర దిగాను. రాయి కింద పచ్చటి మండ ఉంది. నిగనిగలాడే ఆకులు, కొసన పసుపుపచ్చ పూలు, అప్పుడే తుంచి పెట్టినట్టు. నా మనసు ఒక్క క్షణం అన్ని సంగతులూ మరిచింది: ఆయన ఇప్పుడే ఇటు వెళ్లారు, తొందరగా పోతే అందుకోవచ్చు. సుజాత కూడా ఆ బాట వైపే చూస్తోంది.

“సారూ! వచ్చినారా!” అంటూ గొర్రెల వెనక నుంచి ఎర్రిస్వామి పరిగెత్తుకొచ్చాడు. “యాడికి పోయినారన్నా? ఎన్ని తూర్లు వంక దాకా పోయి కేకలేసినానో! మండ ఎండినప్పుడల్లా దాని మీద పచ్చిది పెడతాంటి. ఆనవాలు పోతే మిమ్మల్ని ఎవరు ఎతుకుతారు? పెద్దసారు యాడ? బండి ఈయమ్మ తోలుకొచ్చినాదేమి?”

సుజాత వంగి రాయి పక్కకు జరిపింది. పచ్చి మండ కింద వాడిన మండలు, వాటి కింద ఎండినవి, అన్నిటికీ అడుగున ఆకులన్నీ రాలిన ఒక పుల్ల. ఆయన పెట్టినది. అన్నింటినీ కలిపి గుండెకు హత్తుకుంది.

“నేను ఆయన బిడ్డనప్పా. నాయన వచ్చేసినాడు. నువ్వు ఇంక ఎతకొద్దు” అంది.

ఎర్రిస్వామి ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

నా ఒక్కడి చేతిలోనే ఉంటే ఆ మండను అక్కడే ఉంచేసేవాణ్ణి. అది ఉన్నంతకాలం ఆయన ఆ కొండల్లో ఎక్కడో, అద్దాల మీద చినుకులతో, వాన వెంట పోతూనే ఉంటారు కదా. కానీ ఒక మనిషిని ఎల్లకాలం కేకలేయించడం సార్‌కు నచ్చే పని కాదు.

తిరుగుదారిలో దిగుడు రాగానే సుజాత ఇంజను ఆపేసింది. గులకరాళ్లు పలికాయి. కౌజుపిట్ట కూసింది. నేను గమ్మునే ఉన్నాను.

అన్నా, నీ మండ తీసేశాం. లెక్క నువ్వు చెప్పిందే. ఇక నువ్వు వచ్చెయ్యాలి.