కొత్తదని నొక్కిన పాత తిమింగలం

ఎనిమిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. అలిసిపోయాను. ఇంట్లోవాళ్లకు చెబితే, తిమింగలాల గురించి ఇంత బాధా అని నవ్వుతారు. మీరూ నవ్వండి, ఫర్వాలేదు. పూర్తిగా మాత్రం వినండి.

అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదివే రోజులు. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ, మధ్యాహ్నం నుంచి హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో తిమింగలాల ఫొటోలు పోల్చే కంప్యూటర్ పని. దక్షిణ ధ్రువం దగ్గరి సముద్రంలో తిమింగలాలను ఒకప్పుడు వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. వేట తగ్గాక మెల్లగా కోలుకుంటున్నాయి. ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే వాటికి ఎంత కాపలా కావాలో నిర్ణయిస్తారు. అందుకే వాటి తోకల ఫొటోలు మాకు వచ్చేవి. తోక మీది మచ్చలు, అంచున కోతలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. పాత ఫొటోల్లో అదే తోక దొరికితే పాతది, దొరక్కపోతే కొత్తది. ప్రతి ఫొటోనూ ఇద్దరు విడివిడిగా చూడాలి.

నాతో చూసేది సరితక్క. నాకంటే పదేళ్లు పెద్ద. ఆమె ఓపిగ్గా వెతికేది. నేను వెతకడం మానేశాను. కొత్తదని నొక్కేస్తే పని అయిపోతుంది, పుస్తకం తెరుచుకోవచ్చు. ఒక తిమింగలం రెండుసార్లు లెక్కలోకి వస్తే ఎవరి కొంప మునుగుతుంది అనుకున్నాను. లేనివి ఉన్నట్టు కనబడితే కాపలా సడలిస్తారని తెలియదా? తెలుసు.

మా జవాబులు కలవడం లేదని ఒకరోజు సూపర్‌వైజర్ ఇద్దర్నీ పిలిచారు. తెర మీద పక్కపక్కన రెండు ఫొటోలు. పాతది మసకగా ఉంది.

"ఈవిడ రెండూ ఒకటే అంటున్నారు. నువ్వు కొత్తదంటున్నావు. ఏంటయ్యా ఇది?"

"కొత్తదే సార్."

సరితక్క నా వైపు తిరిగింది. "గా అంచుకు కోత చూడు తమ్మీ. రెండింట్ల ఉన్నది గద."

"నాకైతే ఏం కనిపిస్తలేదు అక్కా."

కనిపించింది. చపాతీని కొరికినట్టున్న కోత, రెండింటిలోనూ. ఒప్పుకుంటే నేను నొక్కినవన్నీ తిరిగి చూస్తారని, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆమెకూ ఆ జీతమే ఆధారమని ఆ క్షణంలో గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చినా నోరు పెగల్లేదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను గానీ, అబద్ధం ఆడటానికి అదే నోరు చక్కగా పెగిలింది కదా. మసక ఫొటోలో సార్‌కూ కోత ఆనలేదు, పొరబడింది సరితక్కే అన్నారు. మా జవాబులు కలవని మిగిలిన ఫొటోలన్నిటికీ నా జవాబే ఖాయం చేశారు. నెలాఖరుకు సరితక్కను తీసేశారు.

పోయిన నెల నారాయణగూడ చౌరస్తాలో కనబడింది. ముందు తనే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు మ్యాచింగ్ సెంటర్‌లో పని చేస్తోందట, చీరలకు జాకెట్టు గుడ్డ చూసిపెట్టడం. ఆ రోజు పొరబడ్డప్పటి నుంచి తన కళ్ల మీద తనకు నమ్మకం లేదని, రంగు కుదిరిందో లేదో ప్రతిసారీ పక్కమ్మాయిని అడుగుతానని నవ్వుతూ చెప్పింది. చాయ్ తాగుదాం రమ్మంది. పనుందని తప్పించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సరితక్క కళ్లకు ఏ లోపమూ లేదు. ఆమె చూసింది నిజం. నేనూ చూశాను, చూడలేదన్నాను. ఈ మాట చెప్పాల్సింది ఆమెకు. చెబుతున్నది మీకు. నాకు ఇంతవరకే ధైర్యం ఉంది. అయినా, రాశాక కాస్త ఊపిరాడుతోంది.